చక్రాలు దిగని చిన్న విమానం: అసలు ప్రమాదం ఎక్కడ?

2021 మే 6న నాగ్‌పూర్ నుంచి ఒక ఎయిర్ అంబులెన్స్ బయలుదేరింది. బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ సి-90 అనే రెండు ఇంజన్ల చిన్న విమానం. రోగి, వైద్య సిబ్బంది, పైలట్లు అంతా కలిపి ఐదుగురు ఉన్నారు. టేకాఫ్ తీసుకుంటుండగా ఒక చక్రం ఊడి రన్‌వే దగ్గర పడిపోయింది. విమానాన్ని ముంబైకి తీసుకువెళ్లారు. అక్కడ రన్‌వే మీద నురుగు పరిచారు, అగ్నిమాపక వాహనాలను సిద్ధంగా నిలబెట్టారు. పైలట్ చక్రాల మీద కాకుండా విమానాన్ని పొట్ట మీద దించాడు. ఐదుగురూ క్షేమంగా బయటపడ్డారు.

వార్త చదివిన చాలామందికి వచ్చే సందేహం ఒకటే. ఊడింది ఒక్క చక్రమైతే మిగిలినవాటి మీద దించవచ్చు కదా, బాగున్న వాటినీ వాడుకోకపోవడం ఏమిటి? చిన్న విమానాల ల్యాండింగ్ గేర్ (చక్రాలు, వాటిని మోసే కాళ్లు) గురించి తెలుసుకోవలసినదంతా ఈ సందేహం చుట్టూనే తిరుగుతుంది.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో విమానాల కబుర్లు ఈమధ్య బాగా పెరిగాయి. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట 3.8 కిలోమీటర్ల రన్‌వేతో అంతర్జాతీయ విమానాశ్రయం నిర్మాణం చేపట్టారు. శంకుస్థాపనే రెండుసార్లు జరిగిన ఘనత దానిది: 2019 ఫిబ్రవరి 14న ఒకసారి, 2023 మే 3న మరోసారి. ఆ పనులు చేపట్టిన జీఎంఆర్ సంస్థ వ్యవస్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావు సొంత ఊరు రాజాం. 2014 నుంచి 2018 దాకా కేంద్ర పౌర విమానయాన మంత్రిగా ఉన్న అశోక్ గజపతిరాజు అప్పటి విజయనగరం ఎంపీ. 2024 జూన్‌లో అదే శాఖను చేపట్టిన కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ. విమానం ఎక్కాలంటే విశాఖ పరుగెత్తే జిల్లాలు రెండూ దేశానికి చెరొక విమానయాన మంత్రిని ఇచ్చాయన్నమాట. పెద్ద విమానాశ్రయం వచ్చిన చోటికి చిన్న విమానాలూ వస్తాయి. అద్దె విమానాలు, ఎయిర్ అంబులెన్సులు, ఎన్నికల రోజుల్లో నాయకుల ప్రయాణాలు. వాటి వెనకే ‘ల్యాండింగ్ గేర్ తెరుచుకోలేదు, గాల్లో గంటసేపు చక్కర్లు’ లాంటి వార్తలూ వస్తాయి.

అలాంటి వార్త చదివినప్పుడు మన భయం సాధారణంగా తప్పు చోట ఉంటుంది. చక్రాలు దిగని చిన్న విమానం రన్‌వే మీద పొట్టతో జారి ఆగితే, ఎక్కువ సందర్భాల్లో లోపలివాళ్లు తమంతట తామే నడిచి బయటికి వస్తారు. దెబ్బ పడేది ప్రొపెల్లర్‌కు, ఇంజన్‌కు, యజమాని జేబుకు. ప్రాణాలు పోయిన సంఘటనలను తీసి చూస్తే, చక్రాల గొడవలో పడి మరేదో మర్చిపోయినవీ, చివరి క్షణంలో మనసు మార్చుకున్నవీ కనిపిస్తాయి.

ముడిచే కాళ్లు ఎందుకు?

చిన్న విమానాలన్నిటికీ ఈ సమస్య లేదు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా, 44 వేలకు పైగా తయారైన సెస్నా 172 విమానానికి కాళ్లు ఎప్పుడూ కిందికే ఉంటాయి. పైలట్ శిక్షణలో ఎక్కువమంది మొదట ఎక్కేది ఇలాంటి విమానమే. దించవలసిన పని లేదు కనుక దిగకపోవడం అనే మాటే రాదు.

చిక్కంతా గాలితో. విమానం వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. కింద వేలాడే మూడు కాళ్లు, మూడు చక్రాలు ఆ గాలికి అడ్డం. అందుకే వేగంగా, దూరంగా వెళ్లవలసిన విమానాలకు కాళ్లను రెక్కల్లోకో పొట్టలోకో ముడిచే ఏర్పాటు పెట్టారు. బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా, పైపర్ యారో, సెస్నా 210, కింగ్ ఎయిర్ ఈ కోవలోవి. ఈ సౌకర్యానికి చెల్లించే ధర బరువు, మరమ్మతు ఖర్చు, బీమా, ఇంకా పైలట్ మర్చిపోవడానికి అదనంగా ఒక పని.

ఆ ధర అన్నివేళలా గిట్టుబాటు కాదని తయారీదారులే తేల్చుకున్నారు. సిర్రస్ ఎస్‌ఆర్22 గంటకు 330 కిలోమీటర్ల ప్రాంతంలో ఎగురుతుంది, అయినా దాని కాళ్లు ముడుచుకోవు. చక్రాల మీద నున్నటి తొడుగులు వేసి గాలి నిరోధాన్ని తగ్గించుకున్నారు. ముడిచే కాళ్ల చిన్న విమానాల్లో ఈ రోజు ఎగురుతున్నవి చాలావరకు కొన్ని దశాబ్దాల కిందట తయారైనవి కావడానికి ఇదొక కారణం. వయసు మీరిన యంత్రం అన్న సంగతి కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి.

లోపల ఏం జరుగుతుంది?

కాళ్లను కదిపే పద్ధతులు విమానాన్ని బట్టి మారతాయి. పాత మూనీ విమానాల్లో పైలట్ చేత్తో లాగే ఇనుప కడ్డీయే గేర్. మోటారూ లేదు, నూనె గొట్టాలూ లేవు, కాబట్టి చెడిపోవడానికీ పెద్దగా ఏమీ లేదు. బొనాంజాలో ఒక ఎలక్ట్రిక్ మోటారు, ఒక గేర్‌బాక్స్, అక్కడి నుంచి మూడు కాళ్లకూ కడ్డీలు. మోటారు కాలిపోయినా, కరెంటు పోయినా ముందు సీట్ల వెనక ఒక తిప్పుడు పిడి ఉంటుంది. దాన్ని దాదాపు 50 చుట్లు తిప్పితే కాళ్లు పూర్తిగా కిందికి దిగుతాయి. తిప్పేముందు మోటారుకు కరెంటు తెంచే బ్రేకర్‌ను బయటికి లాగాలి, లేకపోతే మధ్యలో మోటారు మేల్కొని పిడి గిర్రున తిరిగి చేతిని గాయపరచవచ్చు. ఆ పిడి దించడానికి మాత్రమే, ఎత్తడానికి కాదు.

పైపర్ యారో తీరు దీనికి పూర్తిగా వేరు, నాకు ఎక్కువ నచ్చే తీరు కూడా అదే. అందులో ఎలక్ట్రిక్ పంపు హైడ్రాలిక్ నూనెను ఒత్తిడితో తోసి కాళ్లను పైకెత్తుతుంది. పైన వాటిని పట్టి ఉంచే కొక్కేలంటూ ఉండవు, ఆ నూనె ఒత్తిడే పట్టుకుని ఉంటుంది. ఒత్తిడి పోతే కాళ్లు తమ బరువుకు తామే కిందికి జారతాయి. అంటే గొట్టం పగిలి నూనె కారిపోయినా, ఫలితం చక్రాలు కిందికి రావడమే. మామూలు పద్ధతిలో దిగకపోతే పైలట్ ఒక అత్యవసర మీట లాగి ఒత్తిడిని వదిలేస్తాడు, మిగతా పని భూమ్యాకర్షణ చూసుకుంటుంది. ముందు కాలు మాత్రం ఎదురుగాలికి అడ్డంగా దిగాలి, దానికి సాయంగా స్ప్రింగులు ఉంటాయి. కొన్ని సెస్నాల్లో సీట్ల మధ్య చేతిపంపు పెట్టారు. మరికొన్ని విమానాల్లో నైట్రోజన్ సీసా ఉంటుంది. దాన్ని ఒక్కసారే విడవగలరు, కాళ్లు వచ్చాయంటే వచ్చాయి.

కాలు కిందికి రావడంతో పని పూర్తి కాదు. అది తాళం పడాలి. మడత మంచం కాలు చూశారు కదా: అడ్డపట్టీని పూర్తిగా చాచి, కీలు దగ్గర కొంచెం అవతలికి నొక్కితే తప్ప కాలు నిలవదు, ఆ కొంచెం తక్కువైతే కూర్చోగానే మంచం కూలుతుంది. గేర్ కాలికి పక్కన ఉండే మడత పట్టీ పనిచేసేదీ ఇలాగే. అది నిటారు రేఖను దాటి అవతలికి వెళ్లినప్పుడే విమానం బరువు దాన్ని ఇంకా బిగిస్తుంది. దాటకపోతే అదే బరువు దాన్ని మడిచేస్తుంది.

పైలట్ కూర్చున్న చోటు నుంచి ఈ తాళం కనిపించదు. రెక్కలు పొట్ట దగ్గర కిందుగా ఉండే విమానంలో కాలు కూడా కనిపించదు. అందుకే ప్రతి కాలి దగ్గరా ఒక చిన్న స్విచ్ పెట్టి, తాళం పడగానే పైలట్ ముందు ఒక పచ్చ దీపం వెలిగేలా చేశారు. మూడు కాళ్లకు మూడు పచ్చ దీపాలు. మూడూ వెలిగితేనే దిగాలి.

దీపం చెప్పే అబద్ధం

ఇప్పుడు రెండు దీపాలు వెలిగి మూడోది వెలగలేదనుకుందాం. కాలు దిగలేదా? దిగి తాళం పడలేదా? తాళం పడినా స్విచ్ పాడైందా? లేక బల్బే మాడిపోయిందా? నాలుగింటికీ పైలట్‌కు కనిపించే గుర్తు ఒక్కటే, వెలగని దీపం. పత్రికలో నాలుగూ ఒకే వాక్యంగా వస్తాయి.

చాలా చిన్న విమానాల్లో బల్బును లాగి పక్కదాని స్థానంలో పెట్టి చూసే వీలుంది. కొన్ని పైపర్ విమానాల్లో మరో తమాషా ఉంది. రాత్రి ప్రయాణం కోసం ప్యానెల్ లైట్లు వేయగానే గేర్ దీపాలు వాటంతట అవే మసకబారుతాయి, చీకట్లో కళ్లకు కొట్టకుండా. పట్టపగలు ఎవరో ఆ లైట్ల స్విచ్ వేసి వదిలేస్తే, ఎండ వెలుగులో ఆ మసక దీపాలు ఆరిపోయినట్టే కనిపిస్తాయి. ఏ లోపమూ లేని విమానం, చెమటలు కక్కే పైలట్!

కంట్రోల్ టవర్ దగ్గరగా తక్కువ ఎత్తులో ఎగిరి, కాళ్లు కనిపిస్తున్నాయేమో చూసి చెప్పమని అడగడం మరో మార్గం. అది కొంతవరకే పనికొస్తుంది. బైనాక్యులర్‌తో చూసినా కాలు కిందికి వేలాడుతోందని తెలుస్తుంది తప్ప, తాళం పడిందో లేదో అక్కడి నుంచి చెప్పలేరు.

బ్రేకర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మోటారు మీద భారం ఎక్కువైతే దాని విద్యుత్ బ్రేకర్ బయటికి తన్నుకొస్తుంది. చూడవలసినవాటిలో అది మొదటి వరుసలో ఉంటుంది, మరీ చిన్న విషయం కావడంతో కంగారులో తప్పిపోయేదీ అదే. పెద్ద విమానాలకూ మినహాయింపు లేదు. 2011 నవంబరు 1న వార్సాలో 231 మందితో ఒక బోయింగ్ 767 చక్రాలు లేకుండా పొట్ట మీద దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. హైడ్రాలిక్ నూనె కారిపోయాక ప్రత్యామ్నాయ పద్ధతి ఆదుకోవాలి. దానికి కరెంటు ఇచ్చే బ్రేకర్ ఒకటి బయటికి వచ్చి ఉండటంతో అదీ పనిచేయలేదు. తర్వాత విమానాన్ని పైకి లేపి బ్రేకర్‌ను లోపలికి నొక్కారు. కాళ్లు దిగాయి.

మనిషి మర్చిపోతే

చెప్పుకోవడానికి పైలట్లు ఇష్టపడని భాగం ఇది. చిన్న విమానాలు పొట్ట మీద దిగిన సంఘటనల్లో పెద్ద వాటా యంత్రానిది కాదు. గేర్ బాగానే ఉంది, దించడం మర్చిపోయారు, అంతే. కొత్తవాళ్లు మాత్రమే చేసే పొరపాటు అనుకోవద్దు. వేల గంటలు ఎగిరినవాళ్లూ చేశారు.

మర్చిపోవడానికి ఒక తీరు ఉంది. గేర్ దించడం రోజూ ఒకే చోట, ఒకే క్రమంలో జరుగుతుంది. సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి టవర్ నుంచి ఒక పిలుపు వస్తుంది, ‘ముందు మరో విమానం ఉంది, కొంచెం ఆగండి’ అని. పైలట్ ఆ విమానం కోసం ఆకాశం వెతుకుతాడు. అది కనిపించాక మళ్లీ పని అందుకుంటాడు, అయితే తర్వాతి మెట్టు దగ్గర. మధ్యలో దాటిపోయిన మెట్టు చేసేసినట్టే అతని మనసులో నమోదవుతుంది.

దీనికోసమే హారన్ పెట్టారు. గేర్ పైన ఉండగా ఇంజన్ శక్తి బాగా తగ్గించినా, ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక అంచున కిందికి వంచే పలకలు) పూర్తిగా దించినా అది మోగుతుంది. విచిత్రమేమిటంటే, అది చెవులు చిల్లులు పడేలా మోగుతుండగానే నేల తాకినవాళ్లు ఉన్నారు. దిగే క్షణాల్లో మనసంతా రన్‌వే మీద ఉంటుంది, చెవి విన్నదాన్ని బుర్ర పట్టించుకోదు. పైగా చాలా విమానాల్లో వేగం మరీ తగ్గినప్పుడు మోగే హెచ్చరిక కూడా ఒక హారనే. నేలకు దగ్గరగా వచ్చాక ఆ హారన్ మోగడం మామూలే కనుక, ఇదీ అదే అనుకుంటారు.

యంత్రమే తనంతట తాను కాళ్లు దించేస్తే? పైపర్ ఆ ప్రయత్నమూ చేసింది. వేగం, ఇంజన్ శక్తి రెండూ తగ్గితే కాళ్లను దానంతటదే దించే ఏర్పాటు యారోలో పెట్టింది. ఇంజన్ ఆగిపోయి, ఉన్న ఎత్తుతో వీలైనంత దూరం జారుకుంటూ వెళ్లవలసిన సమయంలో కూడా అది కాళ్లు చాపి గాలికి అడ్డం పెట్టేది. చివరికి 1980ల చివర్లో ఆ ఏర్పాటును పనిచేయకుండా చేయమని సంస్థే యజమానులకు సూచించింది.

దిగాక జరిగే పొరపాటు ఇంకొకటి. చక్రాల మీద చక్కగా దిగి, పరుగు తీస్తుండగా ఫ్లాప్స్ ఎత్తబోయి గేర్ మీట ఎత్తేయడం. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్ల పైలట్లు ఇలా పదేపదే చేశారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్ చూసి, పక్కపక్కన ఒకేలాంటి రెండు మీటలు పెట్టినవాళ్లను వదిలేసి పైలట్‌ను తిట్టడం దండగని గ్రహించాడు. గేర్ మీట కొసకు చిన్న చక్రం, ఫ్లాప్ మీట కొసకు రెక్క ఆకారపు ముక్క తగిలిస్తే చూడకుండానే వేళ్లకు తేడా తెలుస్తుందని సూచించాడు. నేటికీ విమానాల్లో గేర్ మీట కొస చక్రం ఆకారంలోనే ఉంటుంది. అయినా బీచ్‌క్రాఫ్ట్ పాత నమూనాల్లో ఈ రెండు స్విచ్‌ల స్థానాలు మిగతా విమానాలకు తారుమారుగా ఉండేవి. 1980లో అమెరికా రవాణా భద్రతా సంస్థ దీని మీద ప్రత్యేకంగా ఒక నివేదికే ఇచ్చింది. నేల మీద బరువు ఉన్నంతసేపు గేర్ ముడుచుకోకుండా ఆపే స్విచ్ ఒకటి కాలి దగ్గర ఉంటుంది. విమానం ఇంకా వేగంగా పరుగెత్తుతూ రెక్కలు కొంత బరువు మోస్తున్నప్పుడు ఆ స్విచ్‌కు అది గాల్లో ఉన్నట్టే లెక్క. రన్‌వే దాటి పక్కకు వచ్చి ఆగేదాకా ఏ మీటా ముట్టుకోవద్దని మంచి శిక్షకులు చెప్పేది ఇందుకే.

ముడుచుకోని కాళ్లూ విరుగుతాయి, కాకపోతే కారణాలు వేరు. గట్టిగా కుదేసి దించడం, ఎగిరెగిరిపడి ముందు చక్రం మీద వాలడం, పక్కగాలికి ఓరగా నేలను తాకడం. తీర ప్రాంతంలో మధ్యాహ్నమయ్యాక సముద్రపు గాలి బలపడితే ఈ మూడోది శిక్షణలో ఉన్నవాళ్లకు పరీక్షే.

మిగిలిన రెండు చక్రాల మాట

ఇక నాగ్‌పూర్ విమానం దగ్గర లేవనెత్తిన సందేహం. రెక్కల కింది రెండు కాళ్లలో ఒకటి లేకుండా దిగితే, వేగం తగ్గి రెక్కలు మోయడం మానగానే విమానం ఆ వైపుకు ఒరుగుతుంది. రెక్క కొస నేలకు తగిలి, దాని చుట్టూ విమానం గిరుక్కున తిరుగుతుంది. రన్‌వే వదిలి ఎటు వెళ్తుందో ఎవరూ చెప్పలేరు, రెక్కలోని ఇంధనం ట్యాంకు పగలవచ్చు. మూడు కాళ్లూ లోపలే ఉంటే రెండు వైపులా ఒకే రాపిడి, విమానం ఉన్న దారిలోనే జారుతుంది. ముందు కాలు ఒక్కటే దిగకపోతే లెక్క వేరు. వెనక రెండింటి మీద దిగి, వీలైనంతసేపు ముక్కు పైకి ఎత్తి పట్టుకుని, చివర్లో మెల్లగా వాల్చవచ్చు.

పొట్టతో దిగడం బతికి బట్టకట్టగల పని కావడానికి కారణం వేగం. ఒకే ఇంజన్ చిన్న విమానం పూర్తి ఫ్లాప్స్‌తో గంటకు 113 కిలోమీటర్లు, అంటే 61 నాట్ల దాకా తగ్గినా గాల్లో నిలవగలగాలని ప్రమాణాలు చాలాకాలం నిర్దేశించాయి. పెద్ద జెట్ దిగే వేగం దానికి రెట్టింపు, అంటే బరువు సంగతి పక్కన పెట్టినా కిలోకు నాలుగు రెట్ల శక్తిని అరగదీసుకోవాలి. చదునైన రన్‌వే మీద చిన్న విమానం కొన్ని వందల మీటర్ల లోపే జారి ఆగిపోతుంది.

రన్‌వే మీదే ఎందుకు, మెత్తటి చోట దించకూడదా అని అడుగుతారు. మన రెండు జిల్లాల్లో మెత్తటి చోట్లకు కొదవ లేదు. వరి మడిలో దింపితే ముక్కు మట్టిలో దిగబడుతుంది, లేదా గట్టు తగిలి విమానం తిరగబడుతుంది. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది కదా అని సముద్రంలో దించితే, వంద కిలోమీటర్ల వేగంలో నీరు ఏమాత్రం మెత్తగా ఉండదు, ఆ పైన మునిగిపోయే భయం. ఇంజన్ పనిచేస్తూ, దగ్గరలో రన్‌వే ఉన్నవాడికి రన్‌వేను మించింది లేదు. వెడల్పు, పొడవు, అంచున అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్స్ అన్నీ అక్కడే ఉంటాయి.

నురుగు గురించి కూడా అపోహ ఉంది. నిప్పురవ్వలు తగ్గుతాయన్నది పాత నమ్మకం. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ రన్‌వే మీద నురుగు పరచడాన్ని సిఫారసు చేయడం ఎప్పుడో మానేసింది. ఆ నురుగు మంటలు లేచినప్పుడు ఆర్పడానికి అగ్నిమాపక బళ్లలో ఉండటమే మేలని ఆలోచన. ముంబైలో పరిచారు, అంతా బాగానే జరిగింది. నురుగు లేకుండా బాగా జరిగినవీ చాలా ఉన్నాయి.

గాల్లో చక్కర్లు కొట్టడాన్ని టీవీలు ప్రాణసంకటంగా చూపిస్తాయి. నిజానికి విమానానికి అది నింపాదిగా పని చేసుకునే సమయం. చిన్న విమానాలకు ఇంధనాన్ని గాల్లో పారబోసే ఏర్పాటు ఉండదు కనుక తిరిగి తిరిగి కాల్చాలి. ఈలోగా చెక్‌లిస్టు వరుసగా చదువుకుంటారు, అత్యవసర పద్ధతిని ప్రయత్నిస్తారు, కింద సిబ్బంది సర్దుకుంటారు. దిగబోయే ముందు ప్రయాణికుల బెల్టులు బిగించి, జేబుల్లోని పెన్నులూ తాళాలూ తీయించి, కొన్ని విమానాల్లో తలుపు కొద్దిగా తెరిచి ఉంచుతారు. దెబ్బకు చట్రం వంగితే తలుపు బిగుసుకుపోతుంది. నేల తాకే సమయానికి ఇంధనం, కరెంటు ఆపేస్తారు.

కొందరు యజమానులకు ఇక్కడే ఒక దురాశ పుడుతుంది. తిరుగుతున్న ప్రొపెల్లర్ నేలకు తగిలితే ప్రొపెల్లర్ పోవడమే కాక, ఇంజన్‌ను పూర్తిగా విప్పి పరీక్షించాలి. అందుకని దిగడానికి ముందే గాల్లో ఇంజన్ ఆపేసి, స్టార్టర్‌తో ప్రొపెల్లర్‌ను అడ్డంగా తిప్పి పెట్టి, ఆ ఖర్చు తప్పించుకోవాలని చూస్తారు. దిగడానికి ఒక్కటే అవకాశం ఉన్నప్పుడు ప్రొపెల్లర్ రెక్కల వంక చూస్తూ కూర్చోవడం నా దృష్టిలో పిచ్చి పని. ఆ ఖర్చు బీమా సంస్థ చూసుకుంటుంది.

ప్రాణాలు పోయిన చోట

1972 డిసెంబరు 29 రాత్రి మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్ లైన్స్ 401 విమానంలో ముందు కాలి పచ్చ దీపం వెలగలేదు. కాక్‌పిట్‌లో అందరూ ఆ బల్బు మీద పడ్డారు. ఈలోగా ఆటోపైలట్ ఎత్తును పట్టి ఉంచడం మానింది, ఎవరూ గమనించలేదు. విమానం మెల్లగా దిగుతూ చిత్తడి నేలలో కూలింది. 101 మంది చనిపోయారు. మాడింది బల్బు, కాలు బాగానే ఉంది.

ఆరేళ్లకు, 1978 డిసెంబరు 28న, పోర్ట్‌ల్యాండ్‌లో యునైటెడ్ 173. గేర్ మీద అనుమానంతో గంటసేపు తిరిగారు. ప్రయాణికులను సిద్ధం చేయడంలో, గేర్ సంగతి తేల్చుకోవడంలో కెప్టెన్ మునిగిపోయాడు, ఇంధనం అయిపోతోందని పక్కవాళ్లు మెత్తగా చెప్పినది అతనికి ఎక్కలేదు. ఇంజన్లు ఆగి విమానం ఊరి మీద పడింది. 189 మందిలో 10 మంది చనిపోయారు. కాక్‌పిట్‌లోని తోటి సిబ్బంది కెప్టెన్‌కు గట్టిగా చెప్పడం, కెప్టెన్ వినడం అనే రెండింటినీ పాఠంగా నేర్పే శిక్షణ ఆ తర్వాతే బలపడింది.

2020 మే 22న కరాచీలో పాకిస్తాన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ చక్రాలు పైన ఉండగానే రన్‌వేను తాకింది. ఇంజన్లు నేలకు రాసుకున్నాయి. జారి ఆగనివ్వకుండా పైలట్లు మళ్లీ గాల్లోకి లేపారు. దెబ్బతిన్న రెండు ఇంజన్లూ కొద్దిసేపటికే చేతులెత్తేశాయి, విమానం ఇళ్ల మీద కూలింది. విమానంలోని 99 మందిలో 97 మంది పోయారు. చిన్న విమానాల శిక్షకులు ఎప్పటి నుంచో చెప్పే మాట ఇదే: ప్రొపెల్లర్ నేలకు తగిలిన చప్పుడు వినిపించాక మళ్లీ లేపవద్దు. వంగిన ప్రొపెల్లర్‌తో లేచిన విమానం చెట్ల ఎత్తుకు వెళ్లాక ఆగిపోతే, రన్‌వే మీద పోగొట్టుకోబోయిన ఇనుము స్థానంలో మనుషులు పోతారు.

ఈ మూడూ పెద్ద విమానాలే. వందల ప్రాణాలు పోయాయి కాబట్టి లోతుగా దర్యాప్తు జరిగి మనకు తెలిశాయి. ఇద్దరు ముగ్గురు ఎక్కే విమానంలో అయితే బల్బు చూసేదీ, ఇంధనం చూసేదీ, రేడియోలో మాట్లాడేదీ, విమానం నడిపేదీ ఒక్కడే.

రన్‌వే చివర ఏముందన్నది వేరే ప్రశ్న. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాలోని ముయాన్‌లో జెజు ఎయిర్ విమానం పొట్ట మీద దిగి, రన్‌వే దాటి, యాంటెన్నాల కోసం కట్టిన కాంక్రీటు దిమ్మెను ఢీకొంది. 181 మందిలో ఇద్దరే మిగిలారు. రన్‌వే అంచు పట్టీకి అవతల కనీసం 90 మీటర్లు, వీలైతే 240 మీటర్లు ఖాళీ భద్రతా స్థలం ఉండాలని, అక్కడ తప్పనిసరిగా పెట్టే పరికరాలు తగిలితే విరిగిపడేలా ఉండాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతాయి. కొత్త విమానాశ్రయం కట్టే చోట టెర్మినల్ అద్దాల గురించి మాట్లాడుకున్నంతగా ఈ ఖాళీ స్థలం గురించి మనం మాట్లాడుకోం.

ఉప్పుగాలి

భోగాపురం సముద్రానికి దగ్గర. కిటికీ ఊచలు, సైకిల్ గొలుసు ఎంత తొందరగా తుప్పు పడతాయో తీరంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. గేర్ దగ్గర ఉండే చిన్న స్విచ్‌లు, కడ్డీల చివరి కీళ్లు, తీగల అతుకులు అన్నీ చక్రాల మధ్య, బురదకూ నీటికీ దగ్గరగా ఉంటాయి. ఉప్పు చేరితే స్విచ్ పనిచేయదు, దీపం వెలగదు. గ్రీజు ఎండిన కీలు బిగుసుకుంటే మోటారు మీద భారం పడి బ్రేకర్ ఎగిరిపోతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన ప్రాంతంలో ఆరుబయట నిలిపే విమానాలకు కడగడం, గ్రీజు పెట్టడం విలాసం కాదు.

దీనికున్న అసలైన పరీక్ష మాత్రం పాతదే, సులువైనదే. విమానాన్ని జాకీల మీద ఎత్తి, కాళ్లను పలుమార్లు ముడిచి, చాపి చూస్తారు. ప్రతి తాళం పడుతోందా, ప్రతి దీపం వెలుగుతోందా, హారన్ మోగుతోందా అని గమనిస్తారు. అత్యవసర పద్ధతిలోనూ ఒకసారి దించి చూడాలి. సాధారణ పద్ధతి రోజూ వాడతారు కనుక దాని లోపం త్వరగా తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని అత్యవసర మీట తుప్పు పట్టిందో లేదో, జాకీల మీద చూడకపోతే గాల్లోనే తెలుస్తుంది.

పొట్ట మీద దిగిన విమానాన్ని ఎవరికి వారు వెంటనే రన్‌వే మీంచి ఈడ్చెయ్యడానికి వీల్లేదు. మన దేశంలో ప్రమాదాల దర్యాప్తు చేసే సంస్థకు తెలియజేసి, అనుమతి వచ్చాకే కదపాలి. గేర్ మీట ఏ స్థానంలో ఉంది, ఏ బ్రేకర్ బయటికి వచ్చింది, ఇంధనం ఎంత మిగిలింది అన్నవి ముందు రాసుకుంటారు. ఆ తర్వాత రెక్కల కింద గాలి సంచులు పెట్టో, క్రేనుతోనో పైకి లేపుతారు. బ్యాటరీ కలిపి ఇంజనీరు మీట కిందికి వేస్తాడు. కాళ్లు సాఫీగా దిగి మూడు పచ్చ దీపాలూ వెలిగితే, అప్పటిదాకా యంత్రం చుట్టూ తిరిగిన ప్రశ్నలన్నీ పైలట్ వైపు మళ్లుతాయి.